నెల్లూరులో వెయ్యి మైళ్ళు

1957వ సంవత్సరం గురించి మా మామ ఇప్పటికీ ఒక మాట చెబుతుంటాడు. ఆ ఏడు మొదట్లో ఇంగ్లండులోని హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన, గాడిలో కరెంటుతో పరిగెత్తే రేసు కార్ల ఆటను జనానికి చూపించాడు. దాని పేరు స్కేలెక్స్‌ట్రిక్. అదే ఏడు మే 12న ఇటలీలో మిల్లె మీల్యా అనే రోడ్డు రేసులో ఒక ఫెరారీ కారు టైరు పగిలి జనంలోకి దూసుకుపోయింది. నడుపుతున్న డి పోర్టాగో, పక్క సీట్లో ఉన్న నెల్సన్, రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న తొమ్మిది మంది చనిపోయారు. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు పిల్లలే. పూర్తి వేగంతో సాగే రేసుగా అది ఆ తర్వాత మళ్ళీ జరగలేదు. "రోడ్డు మీద ఆగిపోయిన ఏడే బల్ల మీద మొదలైంది చూడు అబ్బయ్యా" అంటాడు మామ.

ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నా. అందులో ఆయన ఇష్టమూ బాధా రెండూ ఉన్నాయని నాకు తెలిసింది మాత్రం 2007 ఆషాఢంలో, నెల్లూరులో ఒక కల్యాణ మండపంలో రాత్రంతా నడిచిన బొమ్మ కార్ల రేసులో. దాని గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నా. రాయాలంటే ముందు మామ గురించి, షోలవరం గురించి చెప్పాలి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. స్టోన్‌హౌస్‌పేటలో ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. వోల్టేజి పడిపోయి కాలిపోయిన పంప్‌సెట్ మోటార్లు కోవూరు నుంచీ, అల్లూరు నుంచీ, ఇందుకూరుపేట నుంచీ అక్కడికి వచ్చేవి. వరి పొట్ట మీదున్న రోజుల్లో అయితే రైతులు షాపు ముందే కూర్చుని, మోటారు చేతికి వచ్చేదాకా కదిలేవాళ్ళు కాదు. మామ కూడా కదలనిచ్చేవాడు కాదు, టీలు తెప్పించి కూర్చోబెట్టేవాడు. నా బడి సెలవులన్నీ ఆ షాపులోనే గడిచాయి. కాలిన వార్నిష్ వాసన, కొత్త రాగి తీగ చుట్టలు, చుట్లు లెక్కపెట్టుకుంటూ పెదాలు కదిలిస్తుండే మామ. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పిలిచినా పలికేవాడు కాదు.

ఆయన హైస్కూలు దాటలేదు. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివేవాడు. మద్రాసు పోయినప్పుడల్లా మూర్ మార్కెట్లో పాత మోటారు పత్రికలు కొనుక్కొచ్చేవాడు. అట్టలు చిరిగిపోయిన ఆ పత్రికల్లోంచే స్టిర్లింగ్ మాస్, ఫాంజియో, టరుఫీ అనే రేసు డ్రైవర్లు మా ఇంటికి వచ్చారు. మాకు వాళ్ళు మా చుట్టాల పేర్లంత మామూలు పేర్లు.

షోలవరం గురించి ఇప్పటి పిల్లలకు పెద్దగా తెలియదు. నెల్లూరు నుంచి మద్రాసు పోతుంటే గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటి, గుమ్మిడిపూండి మీదుగా పోయాక, రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే వస్తుంది ఆ ఊరు. రెండో ప్రపంచ యుద్ధం కాలం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ ఉంది. యుద్ధం అయిపోయాక ఖాళీగా పడున్న ఆ రన్‌వే మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు రేసులు నడిపేవాళ్ళు. ఆ క్లబ్ 1953లో పుట్టింది. 1990లో శ్రీపెరంబుదూరు వైపు ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చేదాకా మా వైపు వాళ్ళకు కార్ల రేసు అంటే షోలవరమే.

చీకటితో లేచి మద్రాసు బస్సెక్కేవాళ్ళం. అమ్మ పులిహోర కట్టిచ్చేది. దిగాక రోడ్డు పక్కన నడుస్తుంటేనే ఇంజన్ల చప్పుడు వినబడేది, దాంతో మామ నడక పరుగయ్యేది. మలుపుల దగ్గర గడ్డి మోపులు పేర్చి ఉండేవి. నీడ అనేదే లేదు. రేసు మోటార్‌సైకిళ్ళలో కొన్నింటికి ఆముదం కలిసిన ఇంజనాయిలు వాడేవాళ్ళు, అది కాలినప్పుడు వచ్చే ఘాటు వాసన ఇప్పటికీ నాకు ఇష్టం. కోయంబత్తూరు కరివర్ధన్ గారిని నేను మొదట చూసింది అక్కడే. మారుతి ఇంజన్లతో ఒంటి సీటు రేసు కార్లు మన దేశంలోనే తయారుచేసి, డబ్బున్న వాళ్ళ పిల్లలే కాకుండా మామూలు కుర్రాళ్ళు కూడా రేసుల్లోకి రావచ్చని చూపించిన మనిషి ఆయన. 1995లో చిన్న విమానం కూలి చనిపోయారు. ఆ వార్త పేపర్లో చూసిన రోజు మామ షాపు తెరవలేదు.

అందరూ కార్లు నేరుగా దూసుకుపోయే చోట నిలబడి చూస్తే మామ నన్ను మలుపు దగ్గరకు లాక్కుపోయేవాడు. "వేగం ఎవడైనా పోతాడు. ఎక్కడ తగ్గిస్తన్నాడో చూడు" అనేవాడు. ఒక్కొక్కరు ఏ గడ్డి మోపు దగ్గర బ్రేకు వేస్తున్నారో గుర్తుపెట్టుకుని, బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అప్పజెప్పాలి. నాకది అన్నిటికంటే ఇష్టమైన ఆట.

తర్వాత ఒక ఏడు మామ మద్రాసు బర్మాబజారు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. ఓడల్లో పనిచేసే వాళ్ళు తెచ్చి అమ్ముకునే సరుకుల్లో దొరికిందట. స్కేలెక్స్‌ట్రిక్ సెట్టు. ఎనిమిది అంకె ఆకారంలో అమర్చే నల్లటి ట్రాక్ ముక్కలు, రెండు కార్లు. ఒక కారుకు ముందు చక్రం లేదు, కరెంటు ఇచ్చే డబ్బా కాలిపోయి ఉంది. మామకు అదొక లెక్కా? ఇనప రేకులు కత్తిరించి, తీగ చుట్టి, 230 వోల్టులను 12 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ తనే చేశాడు.

స్లాట్ కారు ఎట్టా నడుస్తుందో తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా. రోడ్డులో సన్నటి గాడి ఉంటుంది. కారు ముక్కు కింద ఉన్న చిన్న రెక్క ఆ గాడిలోకి దిగుతుంది. గాడికి రెండు పక్కలా లోహపు పట్టీలు ఉంటాయి. కారు కిందున్న రాగి జడలు ఆ పట్టీలను తాకుతూ పోయి మోటారుకు కరెంటు అందిస్తాయి. చేతిలో ఉన్న ట్రిగ్గర్ నొక్కే కొద్దీ కరెంటు పెరుగుతుంది, కారు వేగం పెరుగుతుంది. స్టీరింగ్ లేదు కదా, ఇందులో నడపడానికి ఏముంది అని చాలామంది అంటారు. మలుపులో ఎక్కువ నొక్కితే కారు గాడిలోంచి ఎగిరి బల్ల కింద పడుతుంది. పడకుండా, అట్టాగని నిదానించకుండా, ఆ రెంటి మధ్య నడపడమే పని. షోలవరంలో గడ్డి మోపులు లెక్కపెట్టిన చదువంతా ఇక్కడ పనికొచ్చింది.

ట్రిగ్గర్ పూర్తిగా వదిలేస్తే కారు ఎందుకు అంత చటుక్కున ఆగుతుందని ఒకసారి అడిగా. మామ ఆడుతున్న ఆట ఆపి, కారు ఊడదీసి చూపించాడు. ట్రిగ్గర్ వదిలినప్పుడు మోటారు రెండు తీగలూ ఒకదానికొకటి కలుస్తాయి. తిరుగుతున్న మోటారు అప్పుడు డైనమో అయిపోయి తనే కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే దాన్ని వెనక్కి పట్టి ఆపుతుంది. "ఎవరూ ఆపాల్సిన పన్లేదు. దాని వేగమే దాన్ని ఆపుతుంది" అన్నాడు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో అదే పాఠం బోర్డు మీద వచ్చినప్పుడు, క్లాసులో నాకొక్కడికే అది ముందే తెలుసు.

చాలా ఏళ్ళు గడిచాయి. నేను చదువులకూ ఉద్యోగానికీ ఊరు వదిలాను. వాన తేమకు ఆ ట్రాక్ పట్టీలు తుప్పు పట్టేవి, మామ ఎమరీ పేపర్ పెట్టి రుద్దుతూనే ఉండేవాడు.

2007లో నా చిన్ననాటి స్నేహితుడు ఇంగ్లండు నుంచి వచ్చేశాడు. ఎముకల డాక్టరు. అక్కడ కొన్నేళ్ళు పనిచేసి, పొగతోటలో ప్రాక్టీసు పెట్టాడు. వస్తూ ఒక సూట్‌కేసు నిండా స్లాట్ కార్లు తెచ్చుకున్నాడు. అక్కడి ఊళ్ళలో క్లబ్బుల వాళ్ళు ఆస్పత్రుల కోసం, జబ్బు చేసిన పిల్లల కోసం ఈ కార్ల రేసులు పెట్టి డబ్బు పోగుచేయడం చూశాడట. అప్పటికి మద్రాసు హైవే నాలుగు వరసలైంది. బళ్ళ వేగం పెరిగింది. రోడ్డు దాటుతూ, సైకిళ్ళ మీద పోతూ, రాంగ్ సైడులో వచ్చే వాటికి తగిలి కాళ్ళు పోగొట్టుకున్న వాళ్ళు వాడి దగ్గరకు వస్తూనే ఉండేవాళ్ళు. "కాలు తీసేసి ఇంటికి పంపిస్తున్నా. తర్వాత వాళ్ళు ఏం చేస్తున్నారో తెలియట్లేదు" అన్నాడు ఒకరోజు సాయంత్రం మామ షాపులో కూర్చుని. అప్పుడే చెప్పాడు, జైపూర్ కాళ్ళ కోసం డబ్బు పోగుచేద్దామని.

జైపూర్ కాలు కథ మామకు ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా షాపుకు వచ్చిన ప్రతి రైతుకూ చెప్పాడు. 1968 ప్రాంతంలో జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆస్పత్రిలో డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ అనే పనివాడు కలిసి తయారుచేశారు దాన్ని. విదేశీ కృత్రిమ కాలికి బూటు ఉండాలి, దాంతో నేల మీద గొంతుక్కూర్చోలేరు, బాసింపట్టు వేయలేరు, బురదలోకి దిగలేరు. ఈ కాలు రబ్బరుది, చెప్పులు లేకుండా కూడా నడవచ్చు. పొలంలోకి దిగొచ్చు. సేఠీ గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. "అందులో సగం ఆ పనివాడిది" అనేవాడు మామ. నాకూ అట్టాగే అనిపిస్తుంది. మన దగ్గర చేతిపని చేసేవాడి పేరు పక్కకు పోతుంటుంది, ఆ కాలు విషయంలో శర్మ గారి పేరు కూడా చెప్పుకోవడం న్యాయం.

ఇక ఏ రేసు పెట్టాలి అన్నప్పుడు మామ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మిల్లె మీల్యా. అంటే వెయ్యి మైళ్ళు. 1927లో మొదలైన ఆ రేసు ఇటలీలో బ్రెషా ఊళ్ళో బయలుదేరి, రోము దాకా పోయి, మళ్ళీ బ్రెషాకు వచ్చేది. మామూలు రోడ్ల మీదే, ఊళ్ళ నడుమ నుంచే. చిన్న కార్లు ముందురోజు రాత్రి నుంచే ఒకదాని వెనక ఒకటి బయలుదేరేవి. పెద్ద కార్లు తెల్లవారాక. ఏ కారు ఎన్ని గంటలకు బయలుదేరితే ఆ టైమే దాని నంబరు. 1955లో మాస్ నడిపిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఉదయం 7.22కి బయలుదేరింది, అందుకని దాని మీద 722 అని రాసి ఉంటుంది. పక్క సీట్లో జెన్కిన్సన్ అనే పత్రికా రచయిత. దారిలో ఉన్న ప్రతి మలుపూ, ప్రతి గతుకూ ముందే తిరిగి చూసి రాసుకున్నాడు. చాలా పొడవైన ఆ కాగితాన్ని చుట్టగా చుట్టి అల్యూమినియం డబ్బాలో పెట్టుకుని, తిప్పుకుంటూ చదివాడు. ఇంజను హోరులో మాట వినబడదు కాబట్టి చేతి సైగలతోనే చెప్పాడు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో వాళ్ళు వెయ్యి మైళ్ళూ పూర్తి చేశారు. ఆ రికార్డును ఆ తర్వాత ఎవరూ అందుకోలేదు.

మామ వైండింగ్ లెక్కలు రాసుకునే కార్డు వెనక లెక్క వేశాడు. వెయ్యి మైళ్ళు అంటే 1609 కిలోమీటర్లు. మన బొమ్మ కారు అసలు కారులో 32వ వంతు. భాగిస్తే 50 కిలోమీటర్ల చిల్లర. ట్రాక్ ఒక రౌండు 25 మీటర్లు ఉండేట్టు కడితే, 2000 రౌండ్లు. "రౌండుకి రూపాయి" అన్నాడు డాక్టరు. ఒక దాత ఒక కారును ఎంచుకుంటాడు, అది తిరిగిన ప్రతి రౌండుకూ రూపాయి ఇస్తాడు. ఎక్కువ ఇచ్చేవాళ్ళు ఎక్కువ ఇవ్వొచ్చు. అందుకని ఒక నిబంధన పెట్టుకున్నాం. గెలిచిన కారు ఆగిపోవచ్చు కానీ మిగతావి ఆగకూడదు, నాలుగు కార్లూ 2000 పూర్తి చేయాల్సిందే.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి తెలిసినాయన కల్యాణ మండపం ఉచితంగా ఇచ్చాడు. ట్రాక్ మాత్రం కొన్నది కాదు. ఎనిమిది అడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ షీట్లు ఆరు. మూలాపేటలో ఒక వడ్రంగి రూటర్ మిషన్‌తో వాటిలో మూడు మిల్లీమీటర్ల వెడల్పున నాలుగు గాళ్ళు కోశాడు. వంపు తిరిగే చోట చెయ్యి కదలకుండా ఉండడానికి ఒక మేకు కొట్టి, దానికి పట్టీ కట్టి, దాని చుట్టూ మిషన్ తిప్పాడు. గాళ్ళ పక్కన అంటించే రాగి పట్టీ మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి వచ్చింది. అంటించడం పిల్లల పని, ఎక్కడా గాలి బుడగ ఉండకూడదు, అతుకు దగ్గర టంకం వేయాలి. కరెంటు పోతుందన్న భయం, నాలుగు కార్లూ ఒకేసారి లాగితే వోల్టేజి పడిపోతుందన్న భయం. ఈ రెంటికీ మామ ఒకే మందు వేశాడు. లారీ బ్యాటరీలు. 12 వోల్టుల పెద్ద బ్యాటరీ ముందు ఆ బుల్లి మోటార్లు ఎంత లాగితే ఏమవుతుంది. ఆటోనగర్ వాళ్ళు రాత్రికి సరిపడా ఛార్జి చేసిన బ్యాటరీలు తెచ్చి పెట్టారు, డబ్బు తీసుకోలేదు.

కార్ల అడుగున ఉండే అయస్కాంతాలు తీసేశాం. ఇప్పటి స్లాట్ కార్లకు అడుగున అయస్కాంతం పెడతారు, అది కారును ట్రాక్‌కు పట్టి ఉంచుతుంది, మలుపులో కూడా నొక్కిందే నొక్కొచ్చు. మన ట్రాక్‌లో ఉన్నది రాగి పట్టీ, దానికి అయస్కాంతం ఎట్టాగూ అంటదు. అయినా బరువు తేడా రాకూడదని మామ అన్నిటికీ తీయించాడు. దాంతో కార్లు మలుపుల్లో వెనక చక్రాలు పక్కకు జారుతూ తిరిగేవి. ఫోటోల్లో చూసిన పాత కార్లు అట్టాగే తిరుగుతాయి. ఆ జారుడు చూస్తుంటే ఎంత బాగుండేదో చెప్పలేను.

ట్రాక్ చుట్టూ ఊళ్ళు కట్టింది ఒక ప్రభుత్వ హైస్కూలు పిల్లలు. డాక్టరు ఇటలీ ఊళ్ళ ఫోటోలు ఇచ్చాడు. పిల్లలు కొన్ని అట్టా కట్టారు, కొన్నేమో వాళ్ళకు తెలిసినట్టు కట్టారు. రావెన్నా పక్కన తాటిచెట్లు వచ్చాయి, రోము దాటగానే పెన్నా వంతెన వచ్చింది. సిసిలీలో జరిగిన టార్గా ఫ్లోరియో రేసును కూడా తలుచుకుందామని ఒక మూల కొండ కట్టారు. 1906లో మొదలైన రేసు అది. 72 కిలోమీటర్ల కొండదారి చుట్టూ తిరగాలి, ఊళ్ళలో ఇళ్ళ గడపలు ఆనుకుని కార్లు పోయేవి. అక్కడి పలెర్మో మనిషి నీనో వక్కరెల్లా బడి పంతులు, పాఠాలు చెప్పుకుంటూనే 1965, 1971, 1975లో మూడుసార్లు ఆ రేసు గెలిచాడు. ఆయన పేరు ఊళ్ళ గోడల నిండా రాసేవాళ్ళు. ఈ సంగతి వినగానే పిల్లలు మా కొండ మీద అగ్గిపెట్టె ఇళ్ళ గోడలన్నిటి మీదా సన్న కుంచెతో "పంతులుగారికి జై" అని రాశారు. వాళ్ళ డ్రాయింగు మాస్టారు ఆ గోడల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

ఇటలీ ఊళ్ళలో తాటిచెట్లేంటని ఒకాయన అభ్యంతరం చెప్పాడు. మామ తీయనివ్వలేదు. ఒక్క విషయంలో మాత్రం పిల్లల మాట కాదన్నాడు. రోడ్డు పొడుగూతా అట్ట మనుషులను నిలబెట్టారు వాళ్ళు, చప్పట్లు కొడుతున్నట్టు. ఆఖరి నేరు దారి ఒకటుంది, బ్రెషా ఇంకొంచెం దూరం ఉందనగా. 1957లో ప్రమాదం జరిగిన గ్విదిత్సోలో ఊరు అక్కడ వస్తుంది. ఆ చోట ఉన్న బొమ్మలన్నీ తనే తీసి జేబులో వేసుకున్నాడు. పిల్లలకు కారణం కూడా చెప్పాడు, ఐదుగురు పిల్లల సంగతి దాచకుండా. వాళ్ళు అక్కడ గడ్డి మాత్రం అంటించి వదిలేశారు.

రాత్రి సరిగ్గా 7.22కి మొదలుపెట్టాం. నాలుగు కార్లు. ఆటోనగర్ మెకానిక్కుల మాసెరాటీ, డాక్టర్ల ఫెరారీ, ట్రంకు రోడ్డు షాపుల వాళ్ళ పోర్షే, హైస్కూలు పిల్లల వెండిరంగు మెర్సిడెస్. గాళ్ళలో తేడాలుంటాయి కాబట్టి అరగంటకోసారి అందరూ గాడి మారాలి. రౌండ్లు లెక్కపెట్టడానికి కంప్యూటర్ పెట్టాం కానీ దాని మీదే ఆధారపడకుండా ప్రతి కారుకూ ఒక మనిషి నోటు పుస్తకంలో గీతలు గీశాడు. కారు ఎగిరిపోతే తీసి మళ్ళీ గాడిలో పెట్టడానికి మలుపు మలుపుకూ ఒకరు. ఆ పనికి వచ్చిన వాళ్ళలో ఒక లారీ డ్రైవరన్న ఉన్నాడు, కావలి మనిషి. గూడూరు దాటాక బండి పాడై, దిగి టైర్లు చూస్తుంటే వెనక నుంచి వచ్చిన లారీ కొట్టింది. కుడి కాలు మోకాలి కింద పోయింది. మా డాక్టరే జైపూర్ కాలు పెట్టించాడు. కాసేపు నిలబడతా, ఎంతసేపు నిలబడగలనో చూసుకుంటా అని తనే వచ్చాడు.

అర్ధరాత్రి దాటాక మెర్సిడెస్ వెనక ఇరుసు పళ్ళచక్రం అరిగిపోయింది. మోటారు తిరుగుతోంది, చక్రాలు తిరగట్లేదు. దాంతోపాటు రాగి జడలు కూడా చెదిరిపోయి ఉన్నాయి. మామ అద్దాలు పెట్టుకుని దీపం కింద కూర్చున్నాడు. వేరే కారులోంచి చక్రం తీసి వేసి, జడలు మార్చి, టైర్లకు పట్టిన దుమ్మును టేపు జిగురు వైపు అదిమి తీసి, మళ్ళీ గాడిలో పెట్టేసరికి మిగతా మూడూ చాలా దూరం వెళ్ళిపోయాయి. పిల్లల్లో సగం మందికి నిద్ర, సగం మందికి ఏడుపు. అప్పుడు ట్రిగ్గర్ పట్టుకుంది ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె. టెన్షన్‌లో మలుపు మలుపుకూ కారు ఎగరగొడుతోంది.

డ్రైవరన్న కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. కారు వైపు చూడొద్దన్నాడు ముందు. "రోడ్డు చూడు తల్లీ. బండి అదే వస్తది." ఆ తర్వాత మొదలుపెట్టాడు. "వంతెన వస్తంది, వదులు. ఇప్పుడు కొంచెం. కొంచెమే. ఆ తాడిచెట్టు దాటినాక నొక్కు. కొండ కింద మళ్ళీ వదులు." గొంతు పెంచడు, తొందరపడడు. రెండో రౌండు అదే మాట, మూడో రౌండు అదే మాట. కారు పడడం ఆగింది. కాసేపటికి మాటలు కూడా తగ్గాయి, బల్ల మీద వేలితో తడుతున్నాడంతే, ఒక తట్టు అంటే వదలమని, రెండు తట్లు అంటే నొక్కమని. మామ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "జెన్కిన్సన్ రా" అన్నాడు. అప్పుడాయన ముఖంలో ఉన్న వెలుగు నేను షోలవరంలో కూడా చూడలేదు.

గెలిచింది ఆటోనగర్ వాళ్ళ మాసెరాటీ, ఇంకా చీకటి ఉండగానే 2000 దాటింది. వాళ్ళు గెలిచి వెళ్ళిపోలేదు. మలుపుల దగ్గర నిలబడి, కార్లు ఎత్తిపెట్టే పని చేశారు. ఫెరారీ అయిపోయింది, పోర్షే అయిపోయింది. మెర్సిడెస్ ఒక్కటే తిరుగుతోంది. అప్పటికి వంటవాళ్ళు పులిబొంగరాలు దించుతున్నారు, మండపం అంతా ఆ వాసన. పొద్దున్నే నడకకు వచ్చిన వాళ్ళు చప్పుడు విని లోపలికి వచ్చి, సంగతి తెలుసుకుని, మిగిలిన రౌండ్లకు మాదీ రూపాయి, మాదీ రూపాయి అని పేర్లు రాయించుకున్నారు. ఆ విధంగా అందరికంటే వెనకబడిన కారే అందరికంటే ఎక్కువ డబ్బు తెచ్చింది. 2000వ రౌండు తిప్పింది ఆ పిల్లే. డ్రైవరన్న అప్పటికి ఏమీ చెప్పట్లేదు, తలుపుకు ఆనుకుని నిలబడి టీ తాగుతున్నాడు.

బహుమతులుగా ఉదయగిరి చెక్క గరిటెలూ చెంచాలూ ఇచ్చాం. ఉదయగిరి పనివాళ్ళు చేసే ఆ చెక్క సామాను అందం తెలిసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆటోనగర్ మేస్త్రీ తనకు వచ్చిన గరిటె పిల్లల టీముకు ఇచ్చేశాడు.

పోగైన డబ్బు డాక్టరు అందరి ముందే లెక్కపెట్టి, కాళ్ళు అమర్చే శిబిరం ఖర్చులకు ఇచ్చాడు. కొలతలకు రావడానికీ, మళ్ళీ అమర్చుకోవడానికీ బస్సు ఛార్జీలు లేక ఆగిపోయిన వాళ్ళు ఎందరో ఉన్నారని అప్పుడే తెలిసింది మాకు. కాలు ఉచితంగా ఇచ్చినా అక్కడిదాకా రావాలి కదా. ఎక్కువ డబ్బు ఆ ఛార్జీలకూ, రెండు రోజుల తిండికీ, తోడు వచ్చిన వాళ్ళకూ పోయింది. కొండాపురం వైపు నుంచి వచ్చిన ఒక గేదెల కాపరి కాలు పెట్టుకున్న రోజే మెట్లు దిగి వీధి చివరిదాకా పోయి వచ్చాడు. నడిచినంతసేపూ పక్కన ఆయన భార్య నడిచింది, పట్టుకోకుండా.

ఆ తర్వాత కూడా కొన్నిసార్లు రేసు పెట్టాం, చిన్నగా. డాక్టరుకు తీరిక తగ్గింది, నేను ఉద్యోగంలో దూరం పోయాను. ప్లైవుడ్ షీట్లు ఇప్పుడు మా తమ్ముడి గోడౌన్‌లో గోడకు ఆనించి ఉన్నాయి. మొన్న పోయి చూశాం. రెండింటి అంచులు చెద పట్టాయి, వాటిని కోసి అతకాలి. రాగి పట్టీ మొత్తం పీకి కొత్తది వేయాలి. మామకు సన్న తీగ కళ్ళకు ఆనట్లేదు, షాపులో పని నేర్చుకున్న కుర్రాడు మోటార్లు చుడతానన్నాడు. వచ్చే ఆషాఢానికి మండపం అడిగి పెట్టాం. పాత కార్లు ఇళ్ళలో మూలన పడేసిన వాళ్ళు ఎవరైనా ఉంటే తీసుకురండి, నడవకపోయినా పర్లేదు, నడిపిస్తాం. డ్రైవరన్నకు ఫోన్ చేస్తే తప్పకుండా వస్తానన్నాడు. ఈసారి ట్రిగ్గర్ తనే పట్టుకుంటాడట, పక్కన కూర్చుని మలుపులు చెప్పడానికి ఎవరైనా పిల్లను చూసి పెట్టమన్నాడు.